తుది స్పర్శ సూత్రం

రాష్ట్ర గోనెసంచుల సంస్థకు ఏలూరులో ఒక కార్యాలయం, దాని వెనక ఒక కుట్టు షెడ్డు, షెడ్డు వెనక ఒక వాలీబాల్ కోర్టు ఉన్నాయి. మూడింటిలోనూ సక్రమంగా పనిచేసేది కోర్టు ఒక్కటేనని ఊళ్లో అనుకునేవారు. ఆ మాట సంస్థ చెవిన కూడా పడింది గానీ, కాదని చెప్పడానికి అక్కడ ఎవరికీ తీరిక దొరకలేదు.

ఆ కోర్టులో మోరు పెద్దిరాజు పదకొండేళ్లుగా లిఫ్టరు. వాలీబాల్‌లో ఒక జట్టు మూడు తాకిళ్లలోపు బంతిని అవతలికి పంపాలి. మొదటివాడు అందుకుంటాడు, రెండోవాడు వల మీదికి లేపుతాడు, మూడోవాడు ఎగిరి కొడతాడు. చూడవచ్చినవాళ్లు మూడోవాడికి చప్పట్లు కొడతారు. మొదటివాడు తప్పు చేస్తే తిడతారు. మధ్యలో ఇంకొకడు ఉన్నాడన్న సంగతి, బంతి వంకరగా లేచినప్పుడు తప్ప ఎవరికీ గుర్తురాదు. పెద్దిరాజు చేతిలోంచి బంతి వంకరగా లేవడం అరుదు. అందుకని అతను ఎవరికీ గుర్తులేడు.

కొల్లేటి లంకల్లో పుట్టిన మనిషి. ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. నోట్లో నాలుక లేనివాడు. క్రీడాకారుల కోటాలో తాత్కాలిక అటెండరుగా చేరి, ఆరు నెలలకోసారి ఉద్యోగాన్ని పొడిగించుకుంటూ వస్తున్నాడు. ప్రతి మార్చి నెలలోనూ భార్య నాగవేణి అన్నం వడ్డిస్తూ, "ఈయేడైనా పర్మినెంటు చేస్తారంటారా?" అని ఒక్కసారి అడుగుతుంది. అతను "చూడాలి" అంటాడు. మళ్లీ మార్చి దాకా ఆమె ఆ మాట ఎత్తదు. అడగకపోవడమే అతనికి ఎక్కువ బాధగా ఉండేది.

మూడోవాడి సంగతి వేరు. అతని పేరు చిక్కాల దిలీప్. ఆరడుగుల రెండంగుళాలు. చేరిన మూడో ఏడే పర్మినెంటయ్యాడు. పత్రికలవాళ్లు అతనికి 'ఫిరంగి' అని బిరుదిచ్చారు. గాల్లో ఎగిరి బంతిని బాదుతున్న అతని ఫొటో సంస్థ వరండాలో నిలువెత్తున వేలాడుతూ ఉంటుంది. అందులో ఎడమ అంచున ఒక మోచేయి కనిపిస్తుంది. అది పెద్దిరాజుది.

ఈ ఫిరంగిలో ఒక చిన్న లోపం ఉంది. దిలీప్ రెప్పపాటు ఆలస్యంగా ఎగురుతాడు. అతను చేరిన మొదటి వారంలోనే పెద్దిరాజు అది కనిపెట్టి, బంతిని రెప్పపాటు సేపు వేళ్లలో నిలిపి, జానెడు ఎక్కువ ఎత్తుకి వదలడం మొదలుపెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. దిలీప్‌కీ చెప్పలేదు. కుర్రాడు తన టైమింగ్ చూసి తనే మురిసిపోతుంటే, ఆ సంతోషం చెడగొట్టడం దేనికిలే అనుకున్నాడు.

అలా సాగిపోతుండగా సంస్థకు కొత్త ఎం.డి.గా పరాంకుశరావు గారు వచ్చారు. వచ్చిన నెలకే మూడు రోజుల శిక్షణకు వెళ్లి, ఫలితాధారిత పాలన నేర్చుకుని తిరిగొచ్చారు. మూడు రోజుల్లో నేర్చుకున్నది మూడు నెలలు అమలు చేయడం ఆయన పద్ధతి. దిగిన రోజే సర్క్యులర్ వెలువడింది. సూపరింటెండెంట్ త్రిపురసుందరి గారు దాన్ని హాల్లో నిలబడి అందరికీ చదివి వినిపించారు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఎలాంటి కాగితాన్నైనా ముఖంలో మార్పు లేకుండా చదవగల నేర్పు ఆవిడకు అబ్బింది.

"ఏ కార్యమందైనను తుది స్పర్శ ఎవరిదో, ఫలితము వారిదే. అట్టివారిని ఇకపై ఫలితకర్తలుగా వ్యవహరించవలెను. తత్పూర్వ స్పర్శలన్నియు సహాయక చేష్టలు మాత్రమే గనుక గణనకు రావు. ప్రతి ఫలితమునకు ఒక అంకము. మార్చి ముప్పై ఒకటి నాటికి సున్నా అంకములున్నవారు మిగులు సిబ్బందిగా భావించబడి తొలగింపబడుదురు. తాత్కాలికులలో ఇరువది ఐదు అంకములు సాధించినవారు తక్షణమే పర్మినెంటు చేయబడుదురు. ఎం.డి. వారు ఫలితములకు అతీతులు గనుక వారికిది వర్తించదు."

ఇరవై ఐదు అన్నమాట వినగానే పెద్దిరాజు వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. అప్పుడది జనవరి. ఒక్క మ్యాచ్‌లో దిలీప్ ఇరవై ఐదు కొట్టిన రోజులున్నాయి. తన సంగతేమిటో కనుక్కుందామని ధైర్యం చేసి ఎం.డి. గారి గదిలోకి వెళ్లాడు.

"మీరేం చేస్తారు?" అన్నారు పరాంకుశరావు గారు.

"లిఫ్టరునండి. బంతి లేపుతానండి."

"లేపి?"

"దిలీప్‌కి ఇస్తానండి."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అనగా, మీ చేతికి వచ్చిన బంతిని మీరు వినియోగించుకోకుండా ఇతరులకు బదలాయిస్తున్నారు. ఇది ఎన్నాళ్లుగా జరుగుతోంది?"

"పదకొండేళ్లుగానండి."

"నిరంతరాయంగానా?"

"ఒకసారి జొరమొచ్చి రెండు మ్యాచ్‌లు ఆడలేదండి."

"ఆ రెండు మ్యాచ్‌లు మినహాయించి, మీ పదకొండేళ్ల సర్వీసులో మీరు సాధించిన ఫలితం సున్నా. దిలీప్ గారు సాధించినవి నాలుగు వేల పైచిలుకు. ఇద్దరూ ఒకే కోర్టులో, ఒకే బంతితో ఆడారు. ఆయనకు సాధ్యమైనది మీకెందుకు సాధ్యం కాలేదో ఆత్మపరిశీలన చేసుకున్నారా?"

"మరి నేను లేపకపోతే ఆయనెలా కొడతారండి?"

"అది సహాయక ప్రశ్న," అన్నారు ఆయన, కళ్లజోడు మళ్లీ పెట్టుకుంటూ. "సహాయక ప్రశ్నలకు జవాబులు గణనకు రావు."

వారం తిరక్కుండా సూత్రం మహిమ కార్యాలయమంతటా కనబడింది. ఫైలు కింది గుమాస్తా దగ్గర పుట్టి, పై గుమాస్తా మీదుగా, సూపరింటెండెంటు మీదుగా పైకి పోయి, సంతకమై బయటపడాలి. ఇప్పుడు ఫైలు పుట్టించినవాడికి సున్నా, మోసినవాడికి సున్నా. అందుకని ఎవరి దగ్గరి ఫైలు వారి దగ్గరే ఉండిపోయింది. తర్వాతివాడికి అందించడమంటే అంకాన్ని చేతులారా వదులుకోవడమేనని అందరూ గ్రహించారు. ఒక ఫైలు మీద ఇద్దరు గుమాస్తాలు ఒకరి తర్వాత ఒకరు, నాదే చివరిదంటే నాదే చివరిదని నలభై రెండు సంతకాలు చేసి, చోటు చాలక అట్ట మీదికి వెళ్లారు. క్యాంటీన్‌లో టీ కాచే వీర్రాజు గారు, ఎంత బాగా కాచినా చివరికి తాగేది వేరొకరు కాబట్టి, కాచిన టీ అంతా తనే తాగడం మొదలెట్టారు.

కుట్టు షెడ్డులో పరిస్థితి ఇంకా ముదిరింది. సంచికి ముందు అడుగు కుడతారు, తర్వాత పక్కలు, ఆఖరున మూతి మడత. మూతి కుట్టినవారే ఫలితకర్తలని తేలగానే, షెడ్డులో నూట ఇరవై మందీ మూతులు కుట్టసాగారు. ఫిబ్రవరిలో సంచుల ఉత్పత్తి నాలుగు రెట్లయింది. మూతులు చూడముచ్చటగా ఉన్నాయి. అడుగులు లేవు. వాటిని కొన్న శాఖ నుంచి, 'సంచిలో పోసిన బియ్యం సంచిలో ఉండటం లేదు' అని ఉత్తరం వచ్చింది. పరాంకుశరావు గారు స్వయంగా జవాబు చెప్పి రాయించారు. "బియ్యము పోయుటకు మూతి వద్ద ఏమైనా ఇబ్బంది కలిగినదా? కలగలేదు. కావున మా వైపు ఫలితము సంపూర్ణము. తదుపరి బియ్యము ఎటు పోయినదనునది మీ శాఖాంతర్గత విషయము."

ఉత్పత్తి నాలుగు రెట్లయిన సంగతి పైకి తెలిసి ప్రభుత్వం అభినందించింది. మరో రెండు సంస్థల అధికారులు కార్లలో వచ్చి చూసి, గుట్టలుగా పడున్న సంచుల పక్కన ఫొటోలు దిగారు. ఒకాయన సంచిని ఎత్తి అందులోంచి చూసి, వెలుతురు బాగా వస్తోందని మెచ్చుకున్నాడు.

కోర్టులో కూడా అంతే. ఆరుగురూ కొట్టేవాళ్లే అయ్యారు. సర్వీసు రాగానే ఆరుగురూ చేతులెత్తి ఎగిరేవారు. బంతి వాళ్ల మధ్యన నింపాదిగా కింద పడేది. పెద్దిరాజు కూడా ఎగిరాడు. తప్పదు కదా. వల మీదికి వేళ్లు మాత్రమే వచ్చాయి. నాలుగో రోజున మోకాలు వాచింది.

దిలీప్ జాలిపడ్డాడు. "అన్నా, నేను లేపుతాను, నువ్వు కొట్టు. నాలుగు బంతులు లేపడానికి పెద్ద విద్య ఏం కావాలి?" అన్నాడు. పదిహేను బంతులు లేపాడు. రెండు షెడ్డు రేకుల మీద పడ్డాయి, ఒకటి ఎం.డి. గారి కారు మీద, మిగతావి ఎక్కడ పడ్డాయో వెతుక్కోవలసి వచ్చింది. "గాలి ఎక్కువగా ఉంది," అన్నాడు దిలీప్. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. పెద్దిరాజు మరేనన్నాడు.

ఫిబ్రవరి చివర సంస్థల మధ్య టోర్నమెంటు మొదలవుతుందనగా, పరాంకుశరావు గారికి బంతి లేపేవాడు ఒకడు కావాలన్న సంగతి తెలిసింది. అయితే అది సహాయక చేష్ట కాబట్టి సంస్థ ఉద్యోగి చేయరాదని, బయటి ఏజెన్సీ ద్వారా చేయించుకోవాలని ఆయన తేల్చారు. 'బంతిని పైకి లేపు సేవలు' అని టెండరు పిలిచారు. ఏజెన్సీ పంపిన మనిషి మంచి పనివాడే. పుస్తకంలో ఎలా రాసి ఉంటుందో సరిగ్గా అలా, కొలిచినట్టు లేపాడు. పెద్దిరాజు గట్టు మీద కూర్చుని చూశాడు.

మొదటి బంతి వచ్చింది. ఫిరంగి ఎగిరింది. అప్పటికి బంతి కిందికి దిగిపోతోంది. దిలీప్ చెయ్యి ఖాళీ గాలిని బలంగా బాదింది. రెండో బంతి వలలో పడింది. మూడోది అతని భుజానికి తగిలి రెఫరీ మీదికి పోయింది. మ్యాచ్ మొత్తం మీద ఇరవై బంతులకి మూడే అవతల పడ్డాయి. జనం మొదట నవ్వారు, తర్వాత ఈలలు వేశారు. మర్నాడు పత్రికల్లో ఫిరంగికి తుప్పు పట్టిందని రాశారు. పరాంకుశరావు గారు విచారణ సంఘం వేశారు. సంఘం వల ఎత్తు కొలిచి, బంతి బరువు తూచి, దిలీప్ బూట్లు పరీక్షకు పంపింది. ఫలితకర్త విఫలమైతే కారణం ఫలితకర్తలోనే ఉండాలని నివేదికలో రాసింది. వరండాలో ఫొటో దింపేశారు. అదనపు ఆటగాళ్లు ఇద్దరూ సెలవులో లేకుంటే రెండో మ్యాచ్‌లో దిలీప్‌ని దించేవారు కూడా కాదు. అవతలి జట్టుకి జబ్బు చేసి ఆ మ్యాచ్ ఆడకుండానే గెలిచారు. లీగు పద్ధతి కాబట్టి ఆ ఒక్క గెలుపుతోనే సంస్థ ఫైనల్‌కి చేరింది.

మర్నాడు సాయంత్రం దిలీప్ పెద్దిరాజు ఇంటికొచ్చాడు. పెద్దిరాజు గుమ్మంలో కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. నాగవేణి కుర్చీ వేసినా దిలీప్ కూర్చోలేదు.

"అన్నా, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. నేను ఆలస్యంగా ఎగురుతానా?"

పెద్దిరాజు నూనె గిన్నె పక్కన పెట్టాడు. "ఆలస్యమేం కాదు తమ్ముడూ. బంతే కొంచెం ముందొచ్చేత్తది."

"నీ దగ్గరెప్పుడూ ముందు రాలేదే."

"నేను కాసేపు ఆపేవోణ్ణిలే."

దిలీప్ గుమ్మం మీద పెద్దిరాజు పక్కనే కూలబడ్డాడు. "ఆరేళ్లన్నా. ఆరేళ్లలో ఒక్కసారైనా చెప్పొచ్చు కదా," అన్నాడు.

"చెప్తే నువ్వు ఆలోచిస్తావు. ఆలోచిస్తే అసలెగరలేవు," అన్నాడు పెద్దిరాజు. కుర్రాణ్ణి ఓదార్చడానికి అన్న మాట కాదది, నిజం. దిలీప్ ఏజెన్సీ మనిషి వద్దని, లిఫ్టరుగా పెద్దిరాజునే దించకపోతే తను ఆడనని మర్నాడే కాగితం రాసి ఇచ్చాడు. ఫైనల్‌కి మంత్రిగారు వస్తున్నారు. కప్పు పోతే ఫలితాధారిత పాలనకే మచ్చ. పరాంకుశరావు గారు 'ఈ ఒక్క పర్యాయమునకు, భవిష్యత్తులో హక్కుగా భావించరాదను షరతు పైన' ఒప్పుకున్నారు.

ఫైనల్లో అవతల ఉప్పు నిల్వల సంస్థ. ఐదో సెట్టు, పద్నాలుగు పదమూడు. ఒక్క పాయింటు పడితే కప్పు. ఫిరంగి ఆ రోజు పాత ఫిరంగే. పెద్దిరాజు ఖాతాలో మాత్రం ఎప్పటిలాగే సున్నా. మార్చి పదిహేను దాటింది. ఇదే ఆఖరి మ్యాచ్. ఇప్పుడొక్క అంకం పడకపోతే నెలాఖరుకి అతను మిగులు.

బంతి వచ్చింది. మొదటివాడు చక్కగా అందించాడు. పెద్దిరాజు వల పక్కనే ఉన్నాడు. అవతల వల దగ్గరున్న ముగ్గురూ దిలీప్ వైపు జరిగిపోయారు. తన ముందంతా ఖాళీ. ఎడం చేత్తో అలా తోస్తే చాలు, బంతి పడుతుంది. అంకమూ పడుతుంది. ఆ సంగతి అతనికి స్పష్టంగా తెలుసు. తొయ్యాలనే అనుకున్నాడు. నాగవేణి మొహం కళ్లముందు కదిలింది కూడా. కానీ చేతులు అతని మాట వినలేదు. పదకొండేళ్లుగా చేసిన పనే చేశాయి. బంతిని రెప్పపాటు నిలిపి, జానెడు ఎక్కువ ఎత్తుకి వదిలాయి. వదలగానే తన మీద తనకే ఒళ్లు మండింది.

దిలీప్ ఎగిరాడు. చెయ్యి వెనక్కి లాగాడు. అవతలివాళ్లు ముగ్గురూ గోడలా లేచారు. దిలీప్ కొట్టలేదు. బంతిని ముట్టుకోకుండా చెయ్యి పక్కనుంచి ఊపి, ఊరికే కిందికి దిగాడు. పెద్దిరాజు లేపిన బంతి తన దారిన తను వల దాటి, అవతల పడింది. కప్పు వచ్చింది. దిలీప్ నేరుగా ఎం.డి. గారి కుర్చీ దగ్గరికి నడిచాడు. "సార్, నేను ముట్టుకోలేదు. తుది స్పర్శ మా అన్నది. రాసుకోండి," అన్నాడు.

విచారణ సంఘాన్ని మళ్లీ కూర్చోబెట్టారు. ఎవరో సెల్‌ఫోన్లో తీసిన వీడియోని మూడు రోజులపాటు నిలిపి నిలిపి చూశారు. దిలీప్ ముట్టుకోలేదన్నది నిజమేనని తేలింది. దాంతోపాటు, బంతి వల దాటుతున్నప్పుడు ఉప్పు సంస్థ జూనియర్ అసిస్టెంటు సుదర్శనం అనే ఆయన కుడి చేతి ఉంగరపు వేలి గోరు బంతికి తగిలిందని కూడా తేలింది. కాబట్టి తుది స్పర్శ ఆయనది. గోనెసంచుల సంస్థకు కప్పు సాధించిపెట్టిన ఫలితకర్తగా శ్రీ సుదర్శనం గారికి ఒక అంకము, ఒక ప్రశంసాపత్రము, ఒక శాలువా పంపించారు. ఆయన శాలువా తీసుకున్నాడో లేదో తెలియదు గానీ, వాళ్ల సంస్థలో ఆయన మీద విచారణ మొదలైందని విన్నారు.

మార్చి పందొమ్మిదిన పెద్దిరాజుకి ఉత్తర్వు వచ్చింది. సున్నా అంకముల కారణముగా నెలాఖరు నుండి మిగులు సిబ్బందిగా తొలగించడమైనది. త్రిపురసుందరి గారే దాన్ని చేతికిచ్చి, అందినట్టు రిజిస్టరు ముందుకు జరిపారు. పెద్దిరాజు సంతకం చేశాడు. వెళ్లబోతుంటే ఆవిడ పిలిచారు.

"పెద్దిరాజూ, ఎక్కడికి? నిలబడు. ఈ ఉత్తర్వు నేను రాశాను. ఎం.డి. గారు సంతకం చేశారు. డెస్పాచ్‌లో ముద్ర వేశారు. ఆఖరున సంతకం పెట్టిందెవరు?"

"నేనేనండి."

"అయితే ఈ తొలగింపుకి ఫలితకర్తవి నువ్వే. నీకు ఒక అంకం." ఆవిడ అంకాల పుస్తకం తెరిచి, ఎర్ర సిరాతో ఒకటి వేశారు. "ఒకటి ఉన్నవాడు సున్నా కాదు. సున్నా కానివాణ్ణి తొలగించడానికి వీల్లేదు. వెళ్లి నీ పని చూసుకో."

పరాంకుశరావు గారు మండిపడ్డారు. ఆ అంకము చెల్లదని రెండో ఉత్తర్వు ఇచ్చారు. అది అందినట్టు పెద్దిరాజు సంతకం చేశాడు. రెండు. తొలగింపు కాగితముపై సంతకము చేసి లబ్ధి పొందుట ఏల నేరము కాదో సంజాయిషీ చెప్పమని మెమో వచ్చింది. మూడు. ఇకపై పెద్దిరాజు ఏ కాగితముపైనను సంతకము చేయరాదని మరో మెమో వచ్చింది. ఆజ్ఞ ప్రకారం అతను చెయ్యలేదు. మెమో తీసుకోలేదన్న నేరానికి ఇంకో మెమో వచ్చింది. ఈసారి రెండింటి మీదా కలిపి చేశాడు. సంతకం బదులు వేలిముద్ర తీసుకోమన్నారు. వేలిముద్ర స్పర్శ కాదని ఎలా అంటారని త్రిపురసుందరి గారు నోట్‌ఫైలులో వినయంగా అడిగారు.

"ఆ సర్క్యులరే రద్దు చేస్తాను," అన్నారు ఎం.డి. గారు.

"చెయ్యొచ్చు సార్. రద్దు ఉత్తర్వు నాలుగు వందల పన్నెండు మందికీ అందినట్టు సంతకాలు తీసుకోవాలి. అందరికీ తలా ఒక అంకం వస్తుంది. మిగులనేవారే ఉండరు. పైగా ప్రభుత్వం అభినందించిన సూత్రం," అన్నారావిడ.

ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. రోజుకి రెండు మెమోలు ఇస్తూనే పోయారు. ప్రతి మెమో ముందు మెమో కంటే కఠినంగా ఉండేది. మార్చి ముప్పై సాయంత్రానికి పెద్దిరాజుకి ఇరవై నాలుగు.

ముప్పై ఒకటిన పొద్దున్నే ఇరవై ఐదోది వచ్చింది. ఇంతకుముందిచ్చిన ఇరవై నాలుగు మెమోలను మెమోలుగా భావించరాదని దాని సారాంశం. త్రిపురసుందరి గారు రిజిస్టరు తెరిచి పెన్ను అందించారు. పేజీ తిప్పుతున్నప్పుడు పక్కనే ఉన్న అంకాల పుస్తకంలో ఆవిడ పేరు అతని కంటబడింది. పేరుకెదురుగా సున్నా ఉంది. పక్కన పెన్సిలుతో 'మిగులు, నేటి సాయంత్రము' అని రాసి ఉంది.

"ఇదేంటండి మేడమ్ గారూ?"

"ఏముంది, రాసేది నేనైతే సంతకాలు చేసేది వాళ్లు కదా. ఇరవై తొమ్మిదేళ్లుగా అంతే," అన్నారావిడ. ఆవిడ మొహంలో ఎప్పటిలాగే మార్పు లేదు. "నీ సంగతి కానియ్యి. ఇది పెడితే నువ్వు పర్మినెంటు."

పెద్దిరాజుకి సిగ్గేసింది. పదకొండేళ్లుగా తననెవరూ చూడలేదని కుమిలిపోయాడే గానీ, రోజూ తన ముందు కూర్చున్న మనిషిని తనూ చూడలేదు. అతను సంతకం చేసి, దాని కింద 'సాక్షి' అని రాసి ఒక గీత గీశాడు. రిజిస్టరు ఆవిడ వైపు తిప్పాడు.

"ఇక్కడ మీరు పెట్టండి."

"పిచ్చా నీకు? నేను పెడితే ఆఖరిది నాదవుద్ది. నీకు ఇరవై నాలుగే మిగులుద్ది. గడువు ఈ సాయంత్రమే."

"తెలుసండి. పెట్టండి మేడమ్ గారూ. మీకొకటి చాలు కదా."

ఆవిడ సంతకం చేశారు. ఆ అక్షరాలు కొంచెం వంకరగా పడ్డాయి.

ఈ సంగతి మధ్యాహ్నానికి ఎం.డి. గారికి చేరింది. ఆయన కోపం పట్టలేక, సూపరింటెండెంటుని కూడా పిలవకుండా, తన చేత్తో తనే మెమో రాసి, తనే ముద్ర వేసి, నాలుగింటికి తనే తెచ్చి పెద్దిరాజు ముందు పడేశారు. పెద్దిరాజు దాన్ని మెల్లగా చదివాడు.

'సంస్థలో పదకొండు సంవత్సరములుగా పని చేయుచున్న శ్రీ మోరు పెద్దిరాజు, తన చేతికి అందిన దానిని తానుంచుకొనక, అదను చూసి, ఎదుటివారికి అనుకూలమగు రీతిలో అందించుచున్నాడు. ఎన్ని పర్యాయములు హెచ్చరించినను ఈ అలవాటు మానలేదు. ఇందుమూలముగా ఇతరులు లబ్ధి పొందుచున్నారు.'

అతను రెండోసారి చదివాడు. తను ఏం పని చేస్తాడో సంస్థ కాగితం మీద రాయడం పదకొండేళ్లలో అదే మొదటిసారి. ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. త్రిపురసుందరి గారు ఎదురు బల్ల దగ్గర ఎర్ర సిరా పెన్ను మూత తీసి పట్టుకున్నారు. పెద్దిరాజు అందినట్టు సంతకం చేశాడు. ఇరవై ఐదు.

"సార్," అన్నాడు తర్వాత, చేతులు కట్టుకుని. "దీనిదొక కాపీ ఇప్పిస్తారాండి? మా ఇంట్లో చూపించుకుంటాను."